సోమెన్‌ను ముట్టుకోని రోజు

ఆ రోజు సోమెన్‌ను ముట్టుకోకూడదని తెప్పెయ్ పక్క మీద నుంచి లేవకముందే నిశ్చయించుకున్నాడు. కిటికీ అవతల మే నెల సముద్రం పొగమంచులో కలిసిపోయి, నీరు ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంది. అలాంటి పొద్దుల్లో తాను లేచాడో, ఇంకా కలలోనే ఉన్నాడో తేల్చుకోవడానికి ఆయనకు కాస్త సమయం పట్టేది. ఆ కాస్త సమయమూ ఆయనకు ఎంతో ఇష్టం. కానీ ఈ రోజు దాన్ని కూడా వదులుకుని లేచి కూర్చున్నాడు. సాయంత్రం హగివారా గారు వస్తున్నారు.

మియోహమ రేవు పక్క వీధిలో తెప్పెయ్ మకియామాకి సెలూన్ ఉంది. తండ్రి పెట్టింది. యాభై ఏడేళ్ల తెప్పెయ్, అందులో ముప్పై ఏళ్లకు పైగా ఊరి తలలన్నీ తన చేతుల మీదుగానే నడిపించాడు. సోమెన్ ఆయన పెంచుకునే పాము. విషం లేనిది, మూరన్నర పొడవు, తెల్లగా, సన్నగా ఉంటుంది. వేసవిలో చల్లటి నీళ్లలో వేసుకుని తినే తెల్ల సేమ్యా పేరే దానికి పెట్టారు. అంతకుముందు పెంచుకున్నవాళ్లు ఊరు మారుతూ పక్క పట్నంలోని హగివారా గారికి అప్పగించి వెళ్లారు. ఆవిడకు పెంపుడు పాముల కొట్టు ఉంది. పామును ఎవరికైనా ఇవ్వాలంటే, పిల్లనిచ్చే ఇంటివాళ్లకంటే ఎక్కువ ప్రశ్నలు అడుగుతుంది.

"కుర్రాడు నెమ్మదస్తుడు," అని చెప్పింది ఆవిడ సోమెన్‌ను ఇస్తూ. "వారానికి రెండుసార్లు బయటికి తీయండి. ఒక్కోసారి పావుగంట. తిన్నాక రెండు రోజులు చెయ్యి పెట్టొద్దు. చూడండి మకియామా గారూ, పాముకి మన మీద ప్రేమ ఉండదు. ఓర్పు ఉంటుంది. ఆ ఓర్పుని వారానికి రెండుసార్లకంటే ఎక్కువ వాడుకోకండి."

తెప్పెయ్ మొదటి వారం రెండుసార్లే తీశాడు. రెండో వారం నుంచి లెక్క జారిపోయింది. తప్పంతా ఆయన చేతులదే. తెల్లారింది మొదలు అవి కత్తెర పట్టాలి, కత్తి పట్టాలి, ఎవరి చెవీ తెగకుండా చూసుకోవాలి. సోమెన్ వేళ్ల సందుల్లోంచి చల్లగా, తొందర లేకుండా జారిపోతుంటే మాత్రం ఆ చేతులకు చేయవలసిన పనేమీ ఉండదు. ఉన్నచోట ఉంటే చాలు. కొట్టు తెరవకముందు పెద్ద అద్దం ముందు కుర్చీలో కూర్చుని, దాన్ని మెడలో వేసుకుని కళ్లు మూసుకుంటే, చిన్నప్పుడు తండ్రి పడవలో వెల్లకిలా పడుకుని తేలిపోయిన మధ్యాహ్నాలన్నీ తిరిగి వచ్చేవి. పైగా ఈ మధ్య పెట్టె మూత తీస్తే చాలు, సోమెన్ తల ఎత్తి ఆయన వైపే వచ్చేది. చొక్కా చేతిలోకి దూరి భుజం దాకా పాకేది. ప్రేమ ఉండదని ఆవిడ ఎలా చెప్పగలిగిందో తెప్పెయ్‌కి అర్థం కాలేదు.

అంతలో సోమెన్ తిండి మానేసింది. ఒక వారం ఎలుకపిల్లను చూసి తల తిప్పుకుంది. తర్వాతి వారమూ అంతే. మూడోసారి కూడా ముట్టకపోయేసరికి తెప్పెయ్ భయపడి హగివారా గారికి ఫోన్ చేశాడు.

"వారానికి ఎన్నిసార్లు తీస్తున్నారు?" అంది ఆవిడ వెంటనే.

"రెండే... కొంచెం అటూ ఇటూగా."

"అటా, ఇటా?"

తెప్పెయ్ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. "అటే," అన్నాడు చివరికి.

"బుధవారం సాయంత్రం వస్తాను. నా చేత్తో పెట్టి చూస్తాను. అప్పుడూ తినకపోతే వెంట తీసుకుపోతాను. అప్పటిదాకా దయచేసి వాణ్ణి వదిలేయండి."

ఇవాళ బుధవారం. ఈ ఫోను సంగతి తెప్పెయ్ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే వారానికి ఎన్నిసార్లో కూడా చెప్పవలసి వస్తుంది. భార్య కినుయో పొద్దున్నే పడవెక్కి ఎదుటి దీవికి వెళ్తానంది. తల్లి ఇసె మేడ మీద ఉంది. ఎనభై దాటినావిడ, మోకాళ్ల నొప్పితో కిందికి అంతగా దిగదు. ఇల్లు ఖాళీ. చూసుకోవలసిందల్లా తన చేతులనే.

పాము పెట్టె సెలూన్‌లోనే, వేడి తువ్వాళ్ల పెట్టె పక్కన ఉంటుంది. అక్కడ వెచ్చగా ఉంటుందని. తెప్పెయ్ ఉతికిన తెల్ల గుడ్డ ఒకటి దాని మీద కప్పాడు. చెయ్యి పొరపాటున మూత మీదికి వెళ్లకుండా తాడుతో కట్టేద్దామనుకున్నాడు. దారాలూ తాళ్లూ ఉండే సొరుగు కినుయోది, ఏది కదిలించినా ఆవిడకు తెలిసిపోతుంది. అందుకని వెనక గదిలోకి వెళ్లాడు. వీధి ఉత్సవం సామానంతా దాచేది అక్కడే. చేతికందిన గడ్డితాడు తెచ్చి పెట్టె చుట్టూ బిగించి కట్టాడు. తాడుకు వేలాడే తెల్ల కాగితం ముక్కలను కూడా, అడ్డంగా ఉంటే మంచిదేనని, ముందువైపుకు సర్దాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. బాగా కుదిరింది. ఎక్కడో చూసినట్టుంది కూడా. ఎక్కడో గుర్తు రాలేదు.

గుర్తు రావడానికి షిగెమి గారు రావలసి వచ్చింది. షిగెమి గారిది మూడు ఇళ్ల అవతల సోయా జున్ను కొట్టు. నెలకోసారి ముఖం మీది నూగు గీయించుకోవడానికి వస్తుంది. తలుపు తెరిచి, "మంచు చూశారా, పడవలు కూడా ఆపేశా..." అంటూ ఒక అడుగు లోపలికి వేసి, అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా చెప్పులు సరిచేసుకుంది. పెట్టె వైపు తిరిగి, గుడి ముందు చేసినట్టే రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

"షిగెమి గారూ, ఏం చేస్తున్నారు?" అన్నాడు తెప్పెయ్.

"ఎంత గుట్టుగా ఉంచారండీ! ఇవాళ పెద్ద పాము రోజు కదా. నేనెలాగూ మరిచిపోను, కానీ మీరు ఇంత భక్తిగా..."

తెప్పెయ్ గోడ మీది క్యాలెండర్ చూశాడు. అరవై రోజులకోసారి వచ్చే పెద్ద పాము రోజే. ఆ రోజున ఊరుమొత్తం పడవెక్కి దీవిలోని బెంతెన్ తల్లి గుడికి వెళ్లి, కాస్త కలిసిరావాలని దణ్ణం పెట్టుకుని వస్తుంది. ఆ తల్లి దూత తెల్ల పాము. తెప్పెయ్ పెట్టె వైపు చూశాడు. తెల్ల గుడ్డ, గుళ్ల ముందు కట్టే గడ్డితాడు, కాగితం ముక్కలు, లోపల తెల్ల పాము. ఎవరూ తాకకూడదని తాను కట్టింది అచ్చమైన గుడి.

"అబ్బే, అది కాదండీ! దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని అలా కట్టాను, అంతే."

"అవును మరి, అందరూ ముట్టుకోకూడదు కదండీ," అంది షిగెమి గారు గొంతు తగ్గించి.

"భక్తి కాదండీ. చేతికందిన తాడు అది."

"చేతికి దానంతట అదే అందిందా!"

 ఏం చెప్పినా పెట్టె ఇంకొంచెం పవిత్రమైపోతోంది. షిగెమి గారు గడ్డం దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇక్కడ కూర్చుని నూగు గీయించుకోవడం బాగుండదు. మళ్లీ వస్తాను," అని వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్లిపోయింది. కాసేపటికి పది కోడిగుడ్లు ఒక పళ్లెంలో పెట్టుకుని తిరిగి వచ్చింది. వెనకాల మరో నలుగురు.

ఆ నలుగురి వెనకాల ఇంకెంతమందో ఉన్నారని ముందు ఆయనకు తెలియదు. మంచు వల్ల పడవలు ఆపేశారు. దీవికి వెళదామని వచ్చినవాళ్లంతా చేతుల్లో నైవేద్యానికి తెచ్చిన గుడ్లతో, చిన్న మద్యం సీసాలతో, ఎటు వెళ్లాలో తెలియక రేవులో నిలబడి ఉన్నారు. అమ్మవారి దగ్గరికి వెళ్లలేక నిలబడ్డవాళ్లకు, అమ్మవారి దూత పక్క వీధి సెలూన్‌లో ఉందని షిగెమి గారు చెప్పింది. వాళ్లు అరవలేదు, తోసుకోలేదు. ఒకరి వెనక ఒకరు వరుసలో నిలబడ్డారు. మంచులో ఆ వరుస మొదలు తప్ప చివర కనిపించడం లేదు.

వీధి కొట్ల సంఘం పెద్ద మికురియా గారు వరుస పక్కనుంచి వచ్చాడు. కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. "మకియామా గారూ, సంఘానికి ఒక్క మాటైనా చెప్పకుండా ఇంత పని చేశారే! ఈ వీధిలోకి మనుషుల్ని రప్పించాలని నేను చేయని ప్రయత్నం లేదు. పోయినేడు లాటరీ పెడితే మా ఆవిడ తప్ప ఎవరూ రాలేదు."

"అది కొంచెం..." అంటూ తెప్పెయ్ పళ్ల సందుల్లోంచి గాలి లోపలికి పీల్చాడు. ఆ ఊళ్లో అంతకంటే గట్టిగా కాదని చెప్పే పద్ధతి లేదు.

మికురియా గారికి అర్థమైంది. "అయ్యో, మిమ్మల్ని ఇబ్బంది పెడతామా! దూరం నుంచి దణ్ణం పెట్టుకుని వెళతారు. తాకడమన్నదే ఉండదు. నాదీ పూచీ."

తెప్పెయ్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడే మెట్ల మీద ఇసె బామ్మ చేతికర్ర చప్పుడు వినిపించింది. బామ్మ పండగ బట్టలు కట్టుకుంది. తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్లి తాడు ముడి విప్పింది. గుడ్డ తీసింది. మూత తెరిచి, ఒక చెయ్యి సోమెన్ పొట్ట కింద, మరో చెయ్యి తోక దగ్గర పెట్టి, ఉలిక్కిపడనివ్వకుండా పైకెత్తింది. హగివారా గారు కూడా అంత ఒడుపుగా ఎత్తలేదు.

"అమ్మా!" అన్నాడు తెప్పెయ్. "పామును పట్టుకోవడం నీకెప్పుడు వచ్చింది?"

"నువ్వు మధ్యాహ్నం కునుకు తీస్తావే, అప్పుడు. మోకాలి మీద వేసుకుంటే చల్లగా నొప్పి లాగేస్తుందిరా."

"రోజూనా?"

"రోజూ ఎక్కడ? ఒక్కోరోజు రెండుసార్లు." బామ్మ వరుసలో ముందున్న షిగెమి గారి వైపు చేతులు చాపింది. "పట్టుకో అమ్మాయ్. నొక్కకు. దాని దారిన దాన్ని పోనీ."

షిగెమి గారు పట్టుకుంది. ఆ తర్వాత వెనకున్నవాళ్లకు వద్దని చెప్పడం ఎలా? ఒకరికి ఇచ్చి మరొకరికి లేదనడం మియోహమలో జరిగే పని కాదు. మికురియా గారు తన పూచీని మడిచి జేబులో పెట్టుకుని తానూ వరుసలో నిలబడ్డాడు.

అప్పుడు జరిగింది తెప్పెయ్ తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నాడు. సోమెన్ చేతుల్లోకి రాగానే మనిషి మాట ఆగిపోయేది. రేవంతా వినబడేలా వేలం పాడే చేపల కనెదా, "అబ్బా, ఎంత మెత్తగా ఉందో," అని గుసగుసలాడాడు. పోస్టాఫీసులో ఎప్పుడూ చిరచిరలాడే ఆవిడ కళ్లు మూసుకుని నవ్వింది. వీధిలోని మంచు తెరిచిన తలుపులోంచి లోపలికి పాకి, తువ్వాళ్ల ఆవిరితో కలిసిపోయింది. ఆ తెల్లదనంలో తెల్ల పాము ఒక చేతి నుంచి మరో చేతికి తేలిపోతుంటే ఊరంతా ఒకే కల కంటున్నట్టుంది. ప్రతివాళ్ల చొక్కా చేతిలోకీ అది దూరాలని చూసేది. ప్రతివాళ్లూ, "చూశారా, నా దగ్గరికే వస్తోంది," అని మురిసిపోయేవాళ్లు. తీసుకునేటప్పుడు రెండు చేతులూ చాపి తల వంచేవాళ్లు. ఇచ్చేవాళ్లు కూడా తల వంచే ఇచ్చేవాళ్లు.

తెప్పెయ్ మాత్రం కత్తెర పట్టుకుని కుర్చీ వెనకాల నిలబడిపోయాడు. ఈ రోజంతా తాను ముట్టుకోకూడదనుకున్నదాన్ని ఊరంతా ముట్టుకుంటోంది. ముట్టుకోనిది తానొక్కడే. ఆయనకు కోపం రావలసింది, కానీ వచ్చింది అసూయ.

పడవ దొరక్క కినుయో తిరిగి వచ్చింది. తన సెలూన్ ముందు ఆ వరుసను చూసి, ఇంట్లో ఎవరో పోయారనుకుని, చేతిలోని సంచి కింద పడేసి లోపలికి పరిగెత్తింది. అప్పుడు సోమెన్ కనెదా చేతుల్లో ఉంది. కినుయోను చూడగానే అది మెడ చాపి ఆవిడ చేతి మీదికి ఎక్కి, బట్టల్లోంచి సరాసరి భుజం దాకా వెళ్లి, మెడ దగ్గర తల బయటపెట్టింది. తెలిసిన దారిన వెళ్లినట్టే వెళ్లింది.

"కినుయో," అన్నాడు తెప్పెయ్ నీరసంగా. "నువ్వు కూడానా?"

కినుయో ముఖం ఎర్రబడింది. "మీరు స్నానాల ఇంటికి వెళ్లినప్పుడండీ. ఆప్రాన్ జేబులో వేసుకుని కూరలు తరుక్కుంటాను. తోడుగా ఉంటుంది. మరి మీరో?"

"వారానికి రెండుసార్లు."

"ఎవరితో చెబుతావురా?" అంది ఇసె బామ్మ. "పొద్దున్నే అద్దం ముందు కూర్చుని మెడలో వేసుకుని, దానితో ఊసులాడుతుంటావు. మెట్ల మీంచి రోజూ చూస్తూనే ఉన్నాను."

వరుసలోని వాళ్లంతా మర్యాదగా పైకప్పు వైపు చూశారు. ఇక దాచి ప్రయోజనం లేదని తెప్పెయ్ ఫోను సంగతంతా చెప్పేశాడు. మూడు వారాలుగా తిండి మానేసిందనీ, సాయంత్రం హగివారా గారు వస్తున్నారనీ, తినకపోతే తీసుకుపోతారనీ చెప్పాడు. 

"ముందే చెప్పొద్దా!" అంది కినుయో. "ఇప్పుడే నేను పక్కవాళ్లకు ఇచ్చేశాను. ఏది, ఎవరి దగ్గర ఉంది? వెంటనే పెట్టెలో పెట్టేద్దాం."

ఎవరి దగ్గరా లేదు. కినుయో పోస్టాఫీసు ఆవిడకు ఇచ్చానంది. ఆవిడ మికురియా గారికి ఇచ్చానంది. మికురియా గారు రెండు చేతులతో తల వంచి పక్కవాళ్లకు అందించాడు. ఎవరికని అడిగితే, తల వంచి ఉన్నప్పుడు ముఖం ఎలా కనిపిస్తుందన్నాడు. తీసుకున్నవాళ్లు కూడా తల వంచే తీసుకుని ఉంటారు. సెలూన్‌లో అందరూ ఒక్కసారిగా తమ చొక్కా చేతులు తడుముకోవడం మొదలుపెట్టారు. కనెదా తన రబ్బరు బూట్లు విప్పి బోర్లించాడు. అందులోంచి రొయ్య ఒకటి పడింది. మికురియా గారు సంఘం మైకు అందుకుని వీధిలోకి వెళ్లాడు.

"అందరికీ మనవి! సోమెన్ గారు తమలో ఎవరి బట్టల్లోనైనా విశ్రాంతి తీసుకుంటున్నట్లయితే, దయచేసి కదలకుండా, మెల్లగా చెయ్యెత్తవలసిందిగా కోరుతున్నాము!"

వరుసంతా బొమ్మల్లా నిలబడిపోయింది. ఒక్క చెయ్యి మాత్రం లేచింది. వరుస చివర ఎక్కడో మంచులో. ఆ చేతిలో చల్లగా ఉంచే చిన్న సంచి ఉంది. "సోమెన్ అన్నారా?" అని ఆ చెయ్యి గల మనిషి అడిగింది.

హగివారా గారు సాయంత్రం దాకా ఆగకుండా ముందు బండికే వచ్చేసింది. సెలూన్ ముందు అంత వరుస చూసి, మకియామా గారికి ఇంత మంచి పేరుందా అనుకుని, ముందుకు తోసుకుపోవడం ఇష్టం లేక చివర నిలబడింది. ఇప్పుడు ముందుకు వచ్చింది. ఖాళీ పెట్టెను చూసింది. గుడ్ల పళ్లేలు, మద్యం సీసాలు, తెరిచిన మూత చూసింది.

"మకియామా గారూ," అంది చాలా మెల్లగా. "ఈ వారం వాణ్ణి ఎన్నిసార్లు బయటికి తీశారు?"

తెప్పెయ్ వరుస వైపు చూశాడు. లెక్కపెట్టబోయి మానేశాడు. "ఈ వారం... ఊరంతా," అన్నాడు.

ఆవిడ కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. "దొరకగానే తీసుకువెళతాను. ఏమీ అనుకోకండి," అంది. తెప్పెయ్ తల ఊపాడు. అనుకోవడానికి ఏముంది? కస్టమర్లు కూర్చునే బల్ల మీద కూలబడి, తన రెండు చేతులనూ చూసుకున్నాడు. మూడు వారాలుగా ఒక చిన్న ప్రాణం అన్నం మానేసిందంటే, ఈ చేతులే కదా కారణం. తనకు హాయిగా ఉన్నంత మాత్రాన దానికీ హాయిగా ఉందనుకున్నాడు. రేపటి నుంచి పొద్దున్నే అద్దం ముందు కూర్చుంటే, అద్దంలో తానొక్కడే ఉంటాడు. సోమెన్ తినకపోయినా పరవాలేదు, ముందు ఎవరి కాలి కిందా పడకుండా దొరికితే చాలని మనసులో బెంతెన్ తల్లికి దణ్ణం పెట్టుకున్నాడు.

కినుయోకు ఊరికే నిలబడటం చేతకాదు. దుఃఖం వచ్చినా పనిలోకే దిగుతుంది. వాడేసిన తువ్వాళ్ల బుట్టను ఉతకడానికి తీయబోయి, ఒక తువ్వాలు ఎత్తింది. ఇంకా వెచ్చగా, తడిగా ఉన్న ఆ గుడ్డ కింద తెల్లగా ఏదో కనిపించింది.

"ఏమండీ, నా తువ్వాళ్ల బుట్టలో గుడ్లు ఎవరు పెట్టారు? పళ్లేలు చాలలేదా?" అంది చిరాగ్గా. తర్వాత వంగి చూసి, "ఇవి కోడిగుడ్లలా లేవే. కోలగా, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి," అంది.

హగివారా గారు ఒక్క అంగలో బుట్ట దగ్గరికి వచ్చింది. తువ్వాళ్ల మడతల్లో సోమెన్ చుట్టలు చుట్టుకుని, ఇంత గొడవా తనది కానట్టు, తీరిగ్గా మరో గుడ్డు పెడుతోంది. 

"కుర్రాడన్నారు కదండీ," అంది ఇసె బామ్మ.

హగివారా గారి ముఖం పాలిపోయింది. ఎంతోమందికి ఎన్నో ప్రశ్నలు వేసిన మనిషి, సోమెన్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న మరిచిపోయింది. "అంతకుముందు పెంచుకున్నవాళ్లు మగదన్నారు. నేను చూసుకోలేదు," అంది. తెప్పెయ్ వైపు తిరిగి నడుము విరిగేంతగా వంగింది. "గుడ్లతో ఉన్నప్పుడు ఆడపాము తిండి మానేస్తుంది. జత లేకపోయినా అప్పుడప్పుడూ ఇలా పెడుతుంది. పిల్లలు రావు. మకియామా గారూ, దాని ఉపవాసానికీ మీ చేతులకూ ఏ సంబంధమూ లేదు. తప్పు నాది. క్షమించండి."

మీ చేతులకూ ఏ సంబంధమూ లేదు. తెప్పెయ్‌కి ఏడుపు వచ్చింది. యాభై ఏడేళ్ల మనిషి, వీధంతా చూస్తుండగా, ఆపుకోకుండా ఏడ్చాడు. కనెదా తువ్వాలు ఒకటి అందివ్వబోయి, బుట్ట వైపు చూసి, మానేసి తన చొక్కా అంచే ఇచ్చాడు.

వాకిట్లో షిగెమి గారు అందరికీ వినబడేలా, "పొద్దున గుడ్లిచ్చామా, మధ్యాహ్నానికల్లా బదులిచ్చేసింది! మర్యాద అంటే అదీ," అంది. పుచ్చుకున్నదానికి సగమైనా తిరిగి ఇవ్వడం ఆ ఊరి పద్ధతి. అందరూ పళ్లేలలోని గుడ్లనూ బుట్టలోని గుడ్లనూ మనసులో బేరీజు వేసుకుని, సరిగ్గానే ఉందని తలలూపారు.

"ఇంకో మాట చెప్పాలి," అంది హగివారా గారు. అబద్ధం చెప్పడం ఆవిడకు రాదు. "ఈ మధ్య అది మీ దగ్గరికి వస్తున్నట్టు, చొక్కాల్లోకి దూరుతున్నట్టు మీకు అనిపించి ఉంటుంది. అది మీ కోసం కాదండీ. గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటోంది. వెచ్చగా, చీకటిగా ఉండే చోటు."

అది విని మొహాలు వాడిపోయినవాళ్లు తెప్పెయ్, కినుయో మాత్రమే కాదు. వరుసంతటిదీ అదే పరిస్థితి. కనెదా తన చొక్కా చేతిలోకి ఒకసారి తొంగి చూసుకున్నాడు.

ఇసె బామ్మ ఒక్కతే కోడలి వైపు చూసి నవ్వింది. "పిచ్చి పిల్లా, ఊళ్లో ఎన్ని చీకటి మూలలు లేవు? దానికి గూడు కావలసి వచ్చి మన చొక్కాల్లో వెతుక్కుంది. ఇంకేం కావాలే మనకి?"

 పాముల గురించి హగివారా గారు చదివినవాటిలో దీనికి జవాబు లేదు. సంచిలోని ఎలుకపిల్లను కినుయోకు ఇచ్చి, సోమెన్ నాలుగైదు రోజులకు తేరుకుని తానే తింటుందని చెప్పింది. బుట్టను కదపొద్దంది. "తీసుకుపోరా?" అని తెప్పెయ్ అడిగితే, "మీకు అభ్యంతరం లేకపోతే ఇక్కడే ఉండనివ్వండి," అని మళ్లీ వంగింది. చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగింది. "కానీ ఇప్పుడది నీరసంగా ఉంది. నెల రోజులు ఎవరూ ముట్టుకోవద్దు. ఎవరూ అంటే, ఎవరూ." తెప్పెయ్, కినుయో, ఇసె బామ్మ ముగ్గురూ ఒకేసారి తలలూపారు. ఆవిడ నమ్మినట్టు కనిపించలేదు.

సాయంత్రానికి మంచు విడిపోయింది. జనం వెళ్లిపోయారు. బామ్మ మేడెక్కి పడుకుంది. సముద్రం మీద ఎండ చివరి రంగు మెల్లగా ఆరిపోతుంటే, దీవి ఎక్కడినుంచో తేలి వచ్చినట్టు ఎదురుగా నిలబడింది. భార్యాభర్తలిద్దరూ బల్ల మీద కూర్చుని, తువ్వాళ్ల బుట్టను దూరం నుంచి చూస్తున్నారు. తెప్పెయ్ చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్లో వెల్లకిలా పడి ఉన్నాయి.

కినుయో వాటిని కాసేపు చూసింది. తర్వాత తన చెయ్యి తీసి ఆ చేతుల్లో పెట్టింది. కత్తెర పట్టని చెయ్యి, చేపలు కడిగీ బట్టలు ఉతికీ గరుకెక్కిన చెయ్యి, వెచ్చగా ఉంది. ఇలా పెట్టి ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తు లేదు. తెప్పెయ్ వేళ్లు ఉలిక్కిపడ్డాయి. తర్వాత నెమ్మదిగా ముడుచుకున్నాయి.

"ఏమండీ, ఇది వారానికి ఎన్నిసార్లట?" అంది కినుయో.

ఆ విషయంలో హగివారా గారు ఏ నియమమూ పెట్టి వెళ్లలేదు.